అమ్మ గది పిస్తా రంగు

“బయట వెలుతుర్లో చూడండమ్మా, ట్యూబ్‌లైటు కింద తేడా తెలీదు” అన్నాడు రంగుల కొట్టాయన. నా చేతిలో అమ్మ గది గోడ నుంచి ఊడిన పెచ్చు, అగ్గిపెట్టెంత. మంచం వెనక, ఎండ తగలని చోటిది. అసలు పిస్తా రంగు అక్కడే మిగిలింది.

ఇన్నాళ్లూ ఉన్నది డిస్టెంపర్. తడిగుడ్డతో తుడిస్తే మరక ఉండిపోయి రంగు గుడ్డకి వచ్చేస్తుంది. పిల్లలు క్రేయాన్లు పట్టాక ఇక కడిగే ఎమల్షన్ తప్పదనుకున్నాం. అమ్మ ఒప్పుకుంది, రంగు మాత్రం అదే ఉండాలంది. నాక్కూడా ఆ గదిని ఇంకో రంగులో ఊహించుకోవడం ఇష్టం లేదు.

మిషన్ తెల్ల బేస్‌లోకి పసుపు, ఆకుపచ్చ వదిలి, చివర్లో రవ్వంత నలుపు కలిపింది. ఆ నలుపే లేకపోతే చిలకపచ్చ అయిపోతుందట! డబ్బాలో లేతగా కనిపించి గుండె జారింది. ఆయన పెచ్చు మీదే ఓ చుక్క రాసి ఆరనిచ్చాడు. ఆరేకొద్దీ ముదిరి, చుక్క ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. అంత సంతోషమేసింది.

మెరుపున్న రకం తుడవడానికి తేలికే. కానీ వెలుతురు పడితే అదే షేడు వేరేగా కనిపిస్తుంది. అందుకే కడగడానికి వీలైన మ్యాట్, అంటే మెరుపు లేని రకం, తీసుకున్నాను. పాతది గీకి, ప్రైమర్ కొట్టాకే ఇది.

మ్యాట్ వేయించి కొన్నేళ్లయినవాళ్లు చెప్పండి, రుద్ది తుడిచిన చోట గోడ మెరుస్తోందా?