నూరు దేనారాలు చిన్న అప్పేం కాదు

శనివారం రాత్రి.

రేపు సండే స్కూల్లో పిల్లలకి బైబిల్లో మత్తయి సువార్త 18లో ఉన్న క్షమించని దాసుడి కథ చెప్పాలి. పదివేల తలాంతులు బాకీ ఉన్న దాసుడికి రాజు అదంతా వదిలేస్తే, వాడు తనకి నూరు దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుణ్ణి వదల్లేదు; తలాంతులు, దేనారాలు అప్పటి డబ్బు. మా చిన్నప్పుడు చెప్పినవాళ్ళందరూ ఒకేలా చెప్పేవారు, మొదటివాడి అప్పు కొండంత, రెండోవాడిది పిసరంత, ఆ పిసరంత కూడా వదల్లేకపోయాడు చూడండి అని. నాకది ఎప్పుడూ సరిగ్గా అనిపించలేదు. దేనారం అంటే ఆ రోజుల్లో ఒక రోజు కూలి, మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని కూలీలతో ఒప్పుకున్నది అదే. అంటే నూరు దేనారాలంటే వారానికి ఆరు రోజులూ పని దొరికితే నాలుగు నెలల కష్టం. ఇప్పటి లెక్కలో రోజుకి 500 అనుకున్నా 50,000 రూపాయలు. పాలకొల్లు చుట్టుపక్కల ఏ ఇంట్లో అది చిన్న మొత్తం?

ఇవాళ పొద్దున మా చేను కౌలుకి చేసే బాబాయ్ వచ్చాడు. కోత కోసి పనలు చేలోనే ఉండగా తుఫాను వాన పడింది, నీళ్ళు తియ్యడానికి మురుగు కాలవ కూడా నిండిపోయి ఉంది, గింజ రంగు మారి కొంత మొలకెత్తిపోయింది కూడా. తేమ 17 శాతం దాటితే కొనుగోలు దగ్గర ఎంత ఇబ్బందో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. కానీ తుఫాను వచ్చినా మక్తా మక్తాయే, కౌలు కింద ఒప్పుకున్న బస్తాలు ఇవ్వాల్సిందే, అది మా ఊళ్ళో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఆయన అరుగు మీద కూర్చోకుండా నిలబడే, "అక్కగారండి, దాళ్వాకి కలిపి ఇచ్చేస్తానండి, కొంచెం ఓపిక పట్టండి" అన్నాడు. దాళ్వా అంటే రెండో పంట.

అమ్మ చేతిలో లేసు అల్లిక పక్కన పెట్టింది. ఆవిడకి ఆదాయం అంటే ఆ మక్తా, ఏజెంటు ఇచ్చే అల్లిక కూలి, అంతే. బీపీ, షుగరు మందులు వాటిలోంచే. కాసేపు లెక్క వేసుకుని, "సగం వదిలేస్తున్నాను, మిగతా సగం దాళ్వాకి ఇద్దువుగాని" అంది. ఆయన అడిగింది గడువు, అంతే.

కథలో కూడా అంతే కదా. మొదటి దాసుడు రాజుని అడిగింది గడువే, "నాయెడల ఓర్చుకొనుము" అని. అప్పు రద్దు చెయ్యమని వాడు అడగనే లేదు, రాజే కనికరపడి మొత్తం వదిలేశాడు. వాడు బయటికొచ్చి తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు, అతను అవే మాటలతో అడిగినా గడువు కూడా ఇవ్వలేదు. తలాంతుకి 6,000 దేనారాలు వేసుకుంటే పదివేల తలాంతులంటే ఆరు కోట్ల రోజుల కూలి, ఎన్ని తరాలు పనిచేసినా తీరదు. అంత వదిలేసినప్పుడు ఆ నష్టం ఎక్కడికీ పోదు, వదిలినవాడి మీదే పడుతుంది. యేసు సిలువ గురించి మేం నమ్మేదీ అదే, మన అప్పు ఆయనే మోశాడని. అందుకే రెండో అప్పుని చిన్నది అని చెప్పడం నాకిష్టం ఉండదు, అలా చెబితే కనికరం చూపించడం ఖర్చు లేని పని అనుకుంటారు పిల్లలు, రేపు నిజంగా ఖర్చయ్యే రోజు వచ్చినప్పుడు ఇది మనకి చెప్పింది కాదులే అనుకుంటారు.

మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి తమ్ముడు ఫోన్ చేసి చాలాసేపు వాదించాడు. వాడి టెన్షన్ వాడిది, అమ్మ మందులకి తక్కువైతే డబ్బు పంపేది వాడే. "అందరూ ఇలా అడగడం మొదలెడతారు" అన్నాడు. "అడగనీ" అంది అమ్మ.

ఇంకో విషయం కూడా అమ్మే తేల్చింది, బాబాయ్ కౌలు కార్డుకి సంతకం పెడతానంది. 2019 కౌలు చట్టం ప్రకారం కౌలు రైతుకి కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి, ఒప్పందం 11 నెలలకే, భూమి హక్కు ఎక్కడికీ పోదు. అయినా పొలం పోతుందేమోనని చాలామంది పెట్టరు, దాంతో పంట పోయినా పరిహారం కష్టపడ్డవాడి పేరు మీద రాదు. నాకైతే సగం మక్తా కంటే ఈ సంతకమే పెద్ద కనికరం అనిపిస్తుంది, ఎందుకంటే ఆయన ఇంకెవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు. ఈసారికి అందకపోయినా దాళ్వాకి పనికొస్తుంది. పాసుపుస్తకం, ఆధార్ జిరాక్సులు సాయంత్రమే తీయించాను, సోమవారం ఇద్దర్నీ నేనే మా ఊరి సచివాలయానికి తీసుకెళ్తాను.