బోరు నీళ్ల గీజర్ ఖాళీ చేసి ఉప్పు వదిలించడం

హైదరాబాద్ బోరు నీళ్లు, గోడకు నిలువుగా బిగించిన 15 లీటర్ల గీజర్, నీళ్లు కాచే 2 కిలోవాట్ల ఎలిమెంట్. ఏటా చలికాలానికి ముందు దీన్ని విప్పుతాను. ఉత్తినే నీళ్లు వదిలితే అడుగున ఉన్న మడ్డి పోతుంది గానీ ఎలిమెంట్‌కు పట్టిన ఉప్పు కదలదు.

ముందు ఎంసీబీ దించి ప్లగ్ పీకేస్తాను. స్విచ్ కట్టేస్తే సరిపోదు; ఫేజు, న్యూట్రలు తారుమారైన ఇళ్లు బోలెడు, అక్కడ స్విచ్ కట్టేసినా గీజర్‌లో కరెంటు ఉంటుంది. తర్వాత వేడినీళ్ల కుళాయి తిప్పి చన్నీళ్లు వచ్చేదాకా వదిలితే ట్యాంకు చల్లబడుతుంది. అప్పుడు గీజర్‌కు నీళ్లిచ్చే గోడ వాల్వు, అంటే యాంగిల్ కాక్, కట్టేసి, కింద పెద్ద బకెట్ పెట్టి రెండు కనెక్షన్ పైపులూ విప్పాలి. చాలామంది చన్నీళ్ల పైపు ఒక్కటే విప్పి, నీళ్లు దిగట్లేదని తల పట్టుకుంటారు. వేడినీళ్ల గొట్టం లోపల ట్యాంకు పైదాకా ఉంటుంది, గాలి అందులోంచే లోపలికి పోవాలి. పైగా చన్నీళ్ల మూతికి ఉన్న సేఫ్టీ వాల్వ్ నీళ్లను వెనక్కి రానివ్వదు, దాన్నీ తీయాల్సిందే.

కింది మూత తీశాక వైర్లకు ఫోనులో ఫొటో తీసుకుని, ఎలిమెంట్‌ను ట్యాంకుకు పట్టి ఉంచే ఫ్లాంజ్ బిళ్ల నట్లు విప్పుతాను. అడుగున మిగిలిన మగ్గెడు నీళ్లు మీద పడతాయి, జాగ్రత్త. ఎలిమెంట్ మీది తెల్లటి పెచ్చును స్క్రూడ్రైవర్‌తో కొట్టొద్దు. పైతొడుగు సన్నటి గొట్టం. చిట్లిందా, లోపలి పొడికి తేమ తగిలి బాడీకి షాకు వస్తుంది. లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, టెర్మినళ్లు తడవకుండా నానబెట్టాలి. బుసబుసా నురగ వస్తుంది. నురగ ఆగినా పెచ్చు మిగిలిందంటే నిమ్మ ఉప్పు అయిపోయినట్టే, మళ్లీ కలపాలి; 50 గ్రాములు కరిగించేది 40 గ్రాముల లోపు పెచ్చునే. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం వద్దు, ఉప్పుతో పాటు ట్యాంకునూ తినేస్తుంది.

అసలు చూడాల్సింది యానోడ్ రాడ్. ఆ మెగ్నీషియం కడ్డీ తాను అరిగిపోతూ ట్యాంకును తుప్పు నుంచి కాపాడుతుంది. సగానికి సన్నబడినా, మధ్యలో ఇనుప తీగ కనబడినా మార్చేయాలి. పాతది షాపుకు పట్టుకెళ్తే పొడవు, మర సరిపోయేది ఇస్తారు. సర్వీసుకు వచ్చేవాళ్లు అడగకపోతే దీని జోలికే పోరు. ఫ్లాంజ్‌కు వేసే రబ్బరు గ్యాస్కెట్ బాగున్నట్టు కనిపించినా కొత్తదే వేస్తాను.

బిగించే ముందు మల్టీమీటరుతో ఎలిమెంట్ పిన్నుల మధ్య కొలిస్తే 26, 27 ఓమ్‌లు రావాలి. పిన్నుకూ తొడుగుకూ మధ్య ఏమీ చూపకూడదు. నట్లు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. యాంగిల్ కాక్ తిప్పి, వేడినీళ్ల కుళాయిలో గాలి తుంపరలు ఆగి ధార నిండుగా వచ్చాకే కరెంటు. ఖాళీ ట్యాంకుకు స్విచ్ వేస్తే ఎలిమెంట్ కాలిపోతుంది. థర్మోస్టాట్ 60 డిగ్రీలు దాటనివ్వను. నీళ్లు ఎంత మరిగితే అంత ఉప్పు.

సేఫ్టీ వాల్వ్ చుక్కలు కారుతోందని దాని నోటికి డమ్మీ (బిరడా) కొట్టే ప్లంబర్లున్నారు, కొట్టనివ్వకండి. లోపలి ప్రెషర్ బయటికి పోయే దారి అదొక్కటే. అదేపనిగా కారుతుంటే వాల్వే మార్పించండి.