లిఫ్టు తలుపు

పొద్దున లిఫ్టు ఎక్కగానే ఎవరో పరుగున వస్తున్న చెప్పుల చప్పుడు. నా వేలు చటుక్కున తలుపు మూసే బటన్ మీదికి వెళ్లింది. ఆలస్యమవుతోందన్న టెన్షన్ అనుకోండి, కానీ నొక్కింది నేనే. స్వార్థం పుట్టుకతోనే వస్తుందిలే అని సర్దిచెప్పుకున్నాను. అలా అనుకుంటే తప్పు మన మీద ఉండదు కదా!

సాయంత్రం రెండు చేతులా సామాన్లు, అదే లిఫ్టు ముందు తాళంచెవి జారిపోయింది. పక్కింటి బుడ్డోడు, ఇంకా నడక కుదరనివాడు, తప్పటడుగులు వేస్తూ వచ్చి, వంగబోయి కూలబడి, దాన్ని తీసి నాకేసి చాచాడు. ఏడాదిన్నర పిల్లలు అడక్కుండానే ఇలా అందిస్తారని 2006లో వార్నెకెన్, టొమాసెల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగాల్లో ఉంది. కళ్లారా చూడటం వేరు.

తీరా అందుకోబోతే వదలడే! నాదే అన్నట్టు గుప్పిట బిగించాడు.