ముఖలింగం దారిలో తలుపుల్లేని అంగన్‌వాడీ

శ్రీకాకుళం జిల్లా చల్లవానిపేట జంక్షన్‌లో దిగగానే ఆటో అతను శ్రీముఖలింగానికి మూడు వందలన్నాడు. శివరాత్రి కాదు, కార్తీక సోమవారమూ కాదు, మామూలు బుధవారం. మా భీమవరంలో షేర్ ఆటో అలవాటైన ప్రాణం కదా, ఒళ్ళు మండింది. బేరమాడి రెండు వందలకి ఒప్పించాను గానీ దారి పొడుగునా ఆ చిరాకు పోలేదు. నరసన్నపేటలో పెళ్ళికొచ్చి, ఒక పూట ఖాళీ దొరికితే బయల్దేరిన ప్రయాణం ఇది.

గుడి బాగుంది. మధుకేశ్వరుడి దర్శనం పది నిమిషాల్లో అయిపోయింది. ఆ తర్వాత చాలాసేపు గాంగుల కాలం నాటి శాసనాల దగ్గర నిలబడ్డాను. ఏ శక సంవత్సరంలో, ఎవరు, అఖండ దీపానికి ఏమిచ్చారు అన్నది రాతి మీద చెక్కి పెట్టుకున్న కాలం అది.

తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ ఆటో ఎక్కబుద్ధి కాలేదు. బస్సు వస్తుందని ఎవరో చెబితే రోడ్డు పట్టుకుని నడిచాను. పక్క ఊరు చేరేసరికి వాన దంచికొట్టింది. బస్సు లేదు, బస్ షెల్టర్ కూడా లేదు. రోడ్డు పక్కన సగం కట్టిన భవనం ఒకటి కనిపించింది.

"లోపలికి రా పాపా, తడిసిపోతన్నావు. తలుపుల్నేవు గానీ పైన స్లాబుంది" అని ఒక పెద్దావిడ పిలిచింది. ఆవిడా, ఆవిడ మేకలూ అప్పటికే లోపల ఉన్నారు. గోడలకి ప్లాస్టరింగ్ లేదు, ఇటుకలు నాచు పట్టి నల్లబడ్డాయి. ఒక మూల ఎవరివో గడ్డిమోపులు. కిటికీలకి వదిలిన ఖాళీల్లోంచి జల్లు సూటిగా లోపలికే కొడుతోంది.

"ఇదేం బిల్డింగమ్మా?"

"అంగన్‌వాడీ. నా మనవడు ఇందులో కూకుంటాడని పునాదప్పుడు టెంకాయ నేనే కొట్టినాను. ఆడిప్పుడు రెండో తరగతి సదువుతన్నాడు."

కాసేపటికి గుడ్ల ట్రేలు పట్టుకుని అంగన్‌వాడీ టీచర్ కూడా అక్కడికే వచ్చి చేరింది. ఆవిడ కేంద్రం రెండు వీధుల అవతల ఒక అద్దె గదిలో నడుస్తోంది. వంటా అందులోనే, పిల్లలూ అందులోనే. బాత్రూమ్ లేదు. అద్దె డబ్బు ఆలస్యమైనప్పుడల్లా ఇంటివాళ్ళకి సర్దిచెప్పడం ఈవిడ వంతు. నేను అడగకపోయినా మొత్తం చెప్పింది. ఎన్నాళ్ళ నుంచి ఎవరికైనా చెప్పాలని ఉందో.

అంగన్‌వాడీ భవనానికి పెట్టిన లెక్క 12 లక్షలు. అందులో 8 లక్షలు ఉపాధి హామీ నుంచి, 2 లక్షలు పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం నిధుల నుంచి, మిగతా 2 లక్షలు మహిళా శిశు సంక్షేమం వైపు నుంచి రావాలి. ఉపాధి హామీలో కూలి డబ్బు నేరుగా కూలీ ఖాతాలో పడుతుంది. సామగ్రి బిల్లు కథ వేరు, అందులో కేంద్ర ప్రభుత్వం వాటా, రాష్ట్రం వాటా కలవాలి. భవనం అంటే ఎక్కువ భాగం సిమెంటు, ఇనుము, ఇటుకే కదా. పని పట్టినాయన అప్పు తెచ్చి స్లాబు వేశాడు, బిల్లు పడలేదు, సెంట్రింగ్ చెక్కలు ఊడదీసుకుని వెళ్ళిపోయాడు.

"ఇంజినీర్ల దగ్గరికెళ్తే పంచాయతీ వాటా రాలేదంటారు మేడమ్. పంచాయతీలో అడిగితే ఎం.బుక్‌లో, అదే ఇంజినీర్లు పని కొలతలు రాసే పుస్తకంలో, కొలతలెక్కలేదంటారు. మా డిపార్టుమెంటు వాళ్ళేమో భవనం పూర్తిచేసి అప్పగిస్తే తీసుకుంటామంటారు. ముగ్గురూ నిజమే చెప్తున్నారేమో, నాకు తెలీదు. పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టాలి?"

నాకు ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. ఉపాధి కూలి చెల్లింపు 15 రోజులు దాటితే రోజుకి 0.05 శాతం చొప్పున పరిహారం ఇవ్వాలని చట్టంలో ఉంది. 15వ ఆర్థిక సంఘం (2021-26) గ్రాంటుకైతే, కేంద్ర ప్రభుత్వం నుంచి వచ్చాక 10 పనిదినాల్లో రాష్ట్రం స్థానిక సంస్థలకి వదలకపోతే వడ్డీతో కలిపి ఇవ్వాలని షరతు ఉండేది. అంటే డబ్బు ఆలస్యానికి లెక్క ఉంది. ఊళ్ళో పనుల మీద జరిగే సోషల్ ఆడిట్‌లో దొంగ మస్టరు, అంటే పనికి రానివాళ్ళకి వేసిన హాజరు, దొరికితే ఆ డబ్బు వెనక్కి కట్టమని రికవరీ రాస్తారు. మరి నిలబెట్టి వదిలేసిన గోడకి ఎవరి మీద రాస్తారు? మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకే పిల్లలు అక్కడ కూర్చునేది. ఒక్క ఏడాది ఆలస్యమైతే ఆ పిల్లకి అందులో మూడో వంతు పోయినట్టే. ఆ తర్వాత భవనం ఎంత బాగా కట్టినా ఆ పిల్ల వెనక్కి రాదు.

గుమ్మం పక్కన శిలాఫలకం మాత్రం చెక్కుచెదరలేదు. నల్లరాయి మీద బంగారు రంగు అక్షరాలతో శంకుస్థాపన తేదీ, వరసగా పేర్లు. ఎంత డబ్బో, ఎప్పటికి పూర్తిచేయాలో, ఏ ఇంజినీరు బాధ్యతో లేదు. వెయ్యేళ్ళ నాటి దాత పేరూ ఇచ్చినదీ పొద్దున్నే చూసొచ్చిన నాకు ఆ రాయి చూసి చాలా బాధేసింది.

మా ఊళ్ళో డ్రైన్ పని ఆగినప్పుడు బాబాయి చేసినది గుర్తొచ్చింది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి ఎం.బుక్ నకలు తీసుకున్నాడు. పనిని దగ్గరుండి చూసే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి. ఆ నకలు గ్రామసభలో చదివి వినిపించాక పని మళ్ళీ మొదలైంది, అదీ మా వీధి చివరి దాకానే. ఇదంతా టీచర్‌కి చెప్పాను. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో ఐదు రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆవిడ ముఖం వాడిపోయింది. "నేను సంతకం పెడితే నా ఉద్యోగం మేడమ్..." అంది. ఆ భయం ఉత్తిది కాదు, బలవంతం చేయలేదు.

"నా పేరు రాయి పాపా. నన్నేటి పీకీగలరు?" అంది పెద్దావిడ.

బ్యాగులో ఉన్న కాగితాల మీద అక్కడే కూర్చుని రాశాను. ఒకే దరఖాస్తు, మూడు కాపీలు, మూడు ఆఫీసులకీ. ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, ఎం.బుక్ నకలు, గడువు తేదీ, ఆ పని చూడాల్సిన అధికారి హోదా. చదివి వినిపించాను. ఈలోగా నరసన్నపేట బస్సు హారన్ వినిపించింది. ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

"ఎప్పటికి కట్టీసి ఇస్తారో అది కూడా రాయి. మా సిన్నమ్మాయికి ఆడపిల్ల. ఏడాదిన్నర."

రికార్డులో లేని సమాచారం ఇవ్వలేమని దానికి జవాబు రావచ్చు. అయినా మూడు కాపీల్లోనూ అది మొదటి ప్రశ్నగా పైన ఇరికించి రాసి, ఆవిడ చేతికిచ్చి బస్సు కోసం పరిగెత్తాను.