299 వ్యాన్ దిగాక మన వీకెండ్ కార్ డిటైలింగ్: ఏడో నెల లాగ్

లాగ్ రాసి రెండు నెలలు దాటిపోయింది, రాయబుద్ధి కాలేదు. విశాఖ పీఎం పాలెం, మధురవాడ అపార్ట్‌మెంట్లలో మనం వీకెండ్‌లో వెళ్లి కడిగే 14 రెగ్యులర్ కార్లలో 6 పోయాయి మరి. కొత్తగా ఒక వ్యాన్ వాళ్లు దిగారు, లిఫ్ట్‌లో స్టిక్కర్లు, యాప్‌లో బుకింగ్, యూనిఫాం, వాష్ 299. మనం తీసుకునేది 550, వెళ్లేది పాత యాక్టివా మీద, ముందర ప్రెషర్ వాషర్, వెనకాల బావమరిది, వాడి ఒళ్లో రెండు బకెట్లు.

ముందు చేసిన తెలివితక్కువ పని ఏంటంటే రేటు 350కి దించడం. కారుకి షాంపూ, టైర్ డ్రెస్సింగ్, పెట్రోలు అన్నీ కలిపి 110 దాకా అవుతోంది, మిగిలేది 240, ఇద్దరం గంటన్నర ఒళ్లు హూనం చేసుకుంటే. పోయినోళ్లు ఒక్కరూ తిరిగి రాలేదు, ఉన్నోళ్లు మాత్రం ఇక నుంచి మాకూ 350యే కదా అని మొదలెట్టారు. రెండు వారాలకే మళ్లీ 550 చేసేశా, ఇద్దరు మొహం ముడుచుకున్నారు.

నిజం చెప్పాలంటే ఆ వ్యాన్ కుర్రాళ్ల పని బానే ఉంది, వాక్యూమ్ నాకంటే నీట్‌గా చేస్తారు. కానీ పదకొండింటికి ఎండలో, బోరు నీళ్లతో కడిగి, అరగంటలో తర్వాతి కారుకి వెళ్లిపోవాలి. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపే మా టీడీఎస్ మీటర్‌లో ఆ బోరు 870 చూపించింది, తాగే నీళ్లకైతే 500 లోపు ఉండాలంటారు. ఆ నీళ్లు పెయింట్ మీదే ఆరిపోతే తెల్ల మచ్చలు పడతాయి, నల్ల కారైతే ఇక చూడక్కర్లేదు. అందుకే మేం ఆరింటికే మొదలెట్టి, ఒక్కో ప్యానెల్ కడిగిన వెంటనే తుడిచేస్తున్నాం. హోస్ వద్దనే అపార్ట్‌మెంట్లలో రిన్స్‌లెస్ వాష్, అంటే బకెట్ నీళ్లలో లిక్విడ్ కలిపి గుడ్డతో తుడిచేయడం, మళ్లీ కడగక్కర్లేదు, మా లిక్విడ్ అయితే 5 లీటర్ల నీళ్లకి 20 ఎంఎల్. ఒకటే జాగ్రత్త, బీచ్ రోడ్డులో పెట్టిన కారుకి ఇసుక ఉంటుంది, ముందు నీళ్లు కొట్టకుండా గుడ్డ పెడితే గీతలే.

అసలు మలుపు ఒక తెల్ల స్విఫ్ట్‌తో వచ్చింది. ఓనర్ బాబాయ్ గారు చాలా ఏళ్లు, పోర్టు పక్కన ఇనుప ఖనిజం దుమ్ము ఎగిరే కాన్వెంట్ జంక్షన్ మీదుగా డ్యూటీకి వెళ్లొచ్చారు. కడిగాక బానెట్ మీద చెయ్యి పెడితే ఇసుక కాగితంలా గరగర. నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడు ఐరన్ రిమూవర్ స్ప్రే చేశా. నిమిషం కాలేదు, తెల్ల పెయింట్ మీద వంగపండు రంగు చుక్కలు లేచి, గీతలు గీతలుగా బంపర్ దాకా జారాయి, కుళ్లిన గుడ్ల వాసన ఒకటి. ఆయన కుర్చీలోంచి లేచి "ఏటి బాబూ ఇది, కారుకి రగతం కారతంది!" అన్నారు. పెయింట్‌లో దిగిన ఇనుప రజను కెమికల్‌తో కలిసి కరుగుతోందండీ అని చెప్పా. చక్రాలకి బ్రేక్ డస్ట్ వల్ల ఎవరి కారుకైనా ఆ రంగు వస్తుంది, బానెట్ మీద ఇంత రావడం నేనూ అప్పుడే చూశా. మూడు నాలుగు నిమిషాల్లో కడిగెయ్యాలి, ఆరనివ్వకూడదు, మా సొంత కారు మీద ఒకసారి ఆరిపోతే మరకలు వదిలించడానికి ఒక పూట పట్టింది. తర్వాత క్లే బార్, పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగేసే మెత్తని మట్టి ముద్ద. మళ్లీ చెయ్యి పెట్టి చూసి ఆయనే ఇద్దరిని పంపారు.

అదే కారు టాప్ మీద హుద్‌హుద్ తుఫాను అప్పటి కొమ్మ గీత ఉంది, 2014ది. పాలిష్‌తో పోతుందని ఎవరో ఆయనకి చెప్పారట. గోటితో అడ్డంగా రాసి చూపించా, గోరు ఆగింది, అంటే పాలిష్‌కి అందని లోతు, పెయింటరే చెయ్యాలి. ఆ డబ్బులు నాకు రాలేదులెండి.

ఇప్పుడు ఐరన్, క్లే, వాక్స్ కలిపి చిన్న కారుకి 1400, నాలుగైదు నెలలకోసారి చాలు. సముద్రం పక్కన ఉండేవాళ్లకి కింద భాగం, వీల్ ఆర్చ్ లోపల మంచినీళ్లతో పది నిమిషాలు కడగడం, డోర్ల కింద డ్రెయిన్ రంధ్రాలు మూసుకుపోయాయా చూడటం, దానికి 200. ఉప్పు తడి బురదలో ఇరుక్కుంటే తుప్పు తొందరగా మొదలవుతుంది.

లెక్క ప్రకారం ఇప్పుడు 11 కార్లు. అందులో నలుగురు వారం వారం వ్యాన్‌తోనే కడిగించుకుంటున్నారు, అలాగే కానివ్వండి అని నేనే చెప్పా. వచ్చే ఆదివారం భీమిలి రోడ్డులో ఒక ఇన్నోవా, దానికి ఎక్స్‌టెన్షన్ వైరు 20 మీటర్లది కొనాలి, ఉన్నది పోయిన వారం ప్లగ్ దగ్గర కాలిపోయింది.