చిక్కు అనే మాట మానేశాను

మాది తెనాలి. మావారిది లూసియానా, నల్లజాతి కుటుంబం. ఉండేది హ్యూస్టన్‌లో. పాప జుట్టు పూర్తిగా వాళ్ల నాన్న వైపుదే. పెన్ను రీఫిల్‌కి చుట్టి వదిలిన దారంలా సన్నటి చుట్టలు. తడిపి లాగితే వీపు మీదకి వస్తుంది, ఆరేసరికి చెవుల దగ్గరికి ముడుచుకుపోతుంది.

నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, మా అమ్మ నాకు చేసింది. ఆదివారం పొద్దున్నే కొబ్బరినూనె రాసి, మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, పొడి జుట్టు మీదే సన్నపళ్ల దువ్వెనతో కుదుళ్ల నుంచి కిందికి దువ్వడం. పాప వెక్కి వెక్కి ఏడ్చేది. "ఇంకొంచెమే అమ్మలూ, చిక్కు తీసేస్తున్నా" అనేదాన్ని. దువ్వెన నిండా తెగిన వెంట్రుకలు, ముక్కలు ముక్కలుగా.

మా అమ్మ వచ్చినప్పుడు, "పుట్టువెంట్రుకలు తీయించాక ఇంకోసారి గుండు చేయించాల్సిందే, సాపుగా వచ్చేది" అంది. నేనూ సగం నమ్మాను. ఆ తర్వాత తెలిసింది, గుండుతో జుట్టు తీరు మారదు. చర్మం లోపల కుదురు ఎలా ఉంటే వెంట్రుక అలా వస్తుంది. వంపు తిరిగిన కుదురులోంచి వచ్చేది వంపు తిరిగే వస్తుంది. ఫోన్లో చుట్టాలు మాత్రం "అయ్యో, నీ మంచి జుట్టు రాలేదే పిల్లకి" అనేవాళ్లు. పాపకి తెలుగు అర్థమవుతుందన్న సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు, నాతో సహా.

2023లో, పాపకి ఆరేళ్లప్పుడు, స్కూల్లో ఫొటోలు తీసే రోజుకి ముందు ఇంటికి చీటీ వచ్చింది: జుట్టు అణిగేలా నీట్‌గా కట్టి పంపమని. ఆ సాయంత్రం పాప నా నల్ల చున్నీ తలకి కట్టుకుని, కొస జడలా ముందుకి వేసుకుని అద్దం ముందు నిలబడింది. "అమ్మా, ఇప్పుడు నేను నీ కూతుర్ని" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే మావారి అమ్మకి ఫోన్ చేశాను. అత్తయ్య శనివారానికల్లా వచ్చేశారు.

ఆవిడ దువ్వెన అడగలేదు. స్ప్రే సీసాలో నీళ్లు అడిగారు. జుట్టు బాగా తడిపి, వేళ్లు జారేంత కండిషనర్ పట్టించి, నాలుగు భాగాలు చేసి క్లిప్పులు పెట్టారు. ముందు వేళ్లతోనే విడదీశారు, ఆ తర్వాతే వెడల్పు పళ్ల దువ్వెన. అదీ కొసల నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి. ఎడమచేత్తో కుదుళ్ల దగ్గర పాయని గట్టిగా పట్టుకున్నారు, లాగుడు మాడుకి తగలకుండా. పాప ఏడవలేదు! బొమ్మల పుస్తకం చూసుకుంటూ కూర్చుంది.

మాడులో ఊరే జిడ్డు ఇన్ని మెలికలు దిగి కొసల దాకా రాలేదట, అందుకే ఈ జుట్టు తొందరగా పొడిబారుతుంది. నూనె తడినివ్వదు, ఉన్న తడిని పోకుండా పట్టి ఉంచుతుంది. అంటే ముందు నీళ్లు, ఆ పైన షియా బటర్ అనే గింజల వెన్న. నేను ఇన్నేళ్లూ చేసింది సరిగ్గా తలకిందులు. రెండేసి పాయలు మెలేసి పెట్టి, రాత్రికి శాటిన్ టోపీ తొడిగారు. నూలు గలీబు తడి పీల్చేస్తుందట.

చేస్తూ చేస్తూ తన సంగతి చెప్పారు. చిన్నప్పుడు ఈస్టర్ ముందురోజు వాళ్లమ్మ పొయ్యి మీద ఇనప దువ్వెన కాల్చి జుట్టు సాపు చేసేదట. చెవి పైన మచ్చ చూపించారు. పన్నెండో ఏట మొదలుపెట్టిన, జుట్టు సాపు చేసే రిలాక్సర్ మందు యాభై ఏళ్ల పైన వాడారు. 2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల అధ్యయనం వచ్చింది. జుట్టు సాపు చేసే మందులు ఏడాదిలో నాలుగుసార్లకి మించి వాడినవాళ్లకి డెబ్బై ఏళ్లలోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 4.05 శాతం, అసలు వాడనివాళ్లకి 1.64 శాతం అని అంచనా. ఆవిడ మందు మానేసి, సాపు చేసిన జుట్టంతా కత్తిరించేశారు. పెరిగేదాకా విగ్గు పెట్టుకున్నారు. "ఇండియన్ హెయిర్, ఖరీదెక్కువ" అన్నారు.

నాకు తొమ్మిదో ఏట తిరుమల కల్యాణకట్టలో కూర్చున్నది గుర్తొచ్చింది. మొక్కు జుట్టుని దేవస్థానం వేలం వేస్తుందని, అందులో పొడవాటిది విగ్గులకీ సవరాలకీ విదేశాలు చేరుతుందని చెప్పాను. అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత అడిగారు: "చిక్కు, చిక్కు అంటున్నావు కదా, అంటే ఏంటి?"

జుట్టు ముడిపడటం అన్నాను. కష్టానికి, ఇబ్బందికి కూడా అదే మాట అన్నాను.

"తల్లీ, ఆ పిల్ల తల మీద చెయ్యి వేసినప్పుడల్లా అదే అంటున్నావా?"

ఆ రోజు నుంచి ఆ మాట మానేశాను. "పాయలు విడదీద్దాం రా" అంటాను. ఫోన్లో "మంచి జుట్టు" అని ఎవరైనా మొదలుపెడితే పాప వినేలా చెబుతాను: దీని జుట్టూ మంచిదే, దాని పద్ధతి వేరు. స్కూలుకి జవాబు రాశాను. జాతితో ముడిపడిన జుట్టు తీరునీ జడలనీ చూపి బడుల్లో, ఉద్యోగాల్లో వివక్ష చూపకూడదని టెక్సస్‌లో 2023 సెప్టెంబర్ 1 నుంచి చట్టం ఉందని అందులో మర్యాదగానే గుర్తుచేశాను. ఫొటోలో పాప జుట్టు మబ్బులా విరిసి ఉంది. తల చుట్టూ ఉన్న చోటంతా దానిదే.

చున్నీ ఇంకా అప్పుడప్పుడు కట్టుకుంటుంది. నేను వద్దనను, పక్కన కూర్చుంటాను. తలంటు శనివారానికి మారింది, మూడు గంటలు పడుతుంది. ఆ మూడు గంటలూ నాకిష్టం.

పోయిన వేసవిలో తెనాలి వెళ్లాం. పెళ్లికి బయల్దేరుతుంటే మా అమ్మ పాప నడినెత్తిన ఉన్న జుట్టు గుత్తి చుట్టూ మల్లెదండ తిప్పి, పిన్నుల కోసం వెతికింది. అవసరం పడలేదు. దండ ఆ చుట్టల్లో తనంతట తనే కూర్చుంది. అమ్మ రెండు అడుగులు వెనక్కి వేసి చూసి, "ఇదిగో, ఇలా ఎవరికి నిలుస్తుందే?" అని పక్కింటి పిన్నిని పిలిచింది చూడమని.