పాతవన్నీ గుర్తున్నాయి, ఇప్పుడే విన్నది తప్ప

తలకు దెబ్బ తగిలిందని చూడటానికి వచ్చినవాళ్లంతా ఒకటే అడిగేవారు: "నేనెవరో గుర్తుందా?" సినిమాలు చూసిన ప్రభావం. నాకు చిన్నప్పటి టీచర్ల పేర్లతో సహా అన్నీ గుర్తున్నాయి. ఓటీపీ చూసి టైప్ చేసేలోపు మాత్రం ఆరంకెల్లో మూడే మిగిలేవి.

బాత్రూంలో కాలు జారి తల గోడకు కొట్టుకుంది. స్పృహ పోలేదు. సీటీ స్కాన్ నార్మల్. కొద్ది రోజులు రెస్ట్ తీసుకోమన్నారు, తలనొప్పి కూడా తగ్గుముఖం పట్టింది. అసలు సంగతి ఆఫీసుకు వెళ్లాక బయటపడింది.

నాది అకౌంట్స్ పని. నోటిలెక్క చేస్తుంటే, పక్క స్థానంలో కలపాల్సిన అంకె అక్కడికి చేరేలోపే పోయేది. మెయిల్‌లో వాక్యం కాస్త పొడుగైతే చాలు, చివర క్రియ దగ్గరికి వచ్చేసరికి ఎవరు ఎవరికి ఏం పంపాలో జారిపోయేది. మళ్లీ మొదటికి. "అమ్మా, ఇందాకేగా చెప్పాను" అని మా అమ్మాయి విసుక్కునేది. ఇంట్లో దీన్ని మతిమరుపు అన్నారు, ఆఫీసులో పరధ్యానం అన్నారు. రెండో మాటకే నాకు ఒళ్లు మండేది. అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని నా జన్మలో ఎప్పుడూ వినలేదు మరి.

చివరికి న్యూరోసైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లాను, అంటే జ్ఞాపకం, ధ్యాస లాంటి మెదడు పనుల్ని పరీక్షించే నిపుణురాలు. ఆవిడ కొన్ని అంకెలు చెప్పి అదే వరుసలో తిరిగి చెప్పమన్నారు. ఆరంకెల దాకా బాగానే చెప్పాను. వెనక నుంచి ముందుకు చెప్పమనేసరికి నాలుగంకెలకే తడబడ్డాను. తర్వాత వందలోంచి ఏడు చొప్పున తీసేస్తూ పొమ్మన్నారు. తొంభై మూడు, ఎనభై ఆరు... ఎనభై ఆరును గట్టిగా పట్టుకుని కూర్చున్నాను గానీ, ఎంత తీసేయాలో పోయింది. "ఎంత తీసేయమన్నారు?" అని అడిగాను. ఆవిడ నవ్వలేదు. "మీ ఇబ్బంది ఇదే, రాసుకుంటున్నాను" అన్నారు.

నాలో దెబ్బతిన్నదాని పేరు వర్కింగ్ మెమరీ అట. విన్నదాన్ని కొన్ని సెకన్లు మనసులో నిలిపి ఉంచుతూనే దానితో పని చేయడం. 1974లో బ్యాడ్లీ, హిచ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని భాగాలుగా వివరించారు: మాటల్ని లోలోపల వల్లించుకునేది ఒకటి, చూసినవాటిని నిలిపేది ఒకటి, వీటి మీద ధ్యాసను నడిపించేది ఒకటి. అంకెల్ని ఉన్న వరుసలో చెప్పడానికి వల్లింపు చాలావరకు సరిపోతుంది. తిరగేయాలంటే ధ్యాసను నడిపించే భాగం కూడా దిగాలి. నాకు తేడా వచ్చింది అక్కడే. మరి స్కాన్ బాగుందన్నారే అంటే, సీటీలో రక్తస్రావం, ఎముక పగుళ్లు కనబడతాయి, కంకషన్‌లో, అంటే నాలా తలకు దెబ్బ తగిలి మెదడు కుదుపుకు లోనైనప్పుడు, నరాల తంతువులు సాగి పనితీరు మందగించడం సాధారణంగా కనబడదు అన్నారు. ఆ ఒక్క మాట నాకు సగం మందు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకైనా ఒక్కసారికి పట్టేవి దాదాపు నాలుగు విషయాలేనని 2001లో నెల్సన్ కోవన్ అనే పరిశోధకుడు వాదించారు. నాకున్న ఆ కాస్త చోటులో "మళ్లీ మరిచిపోతానేమో" అనే టెన్షన్ ఒకటి వచ్చి కూర్చునేది.

వైద్యం చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. నేను వేసుకునే మాత్రల జాబితా చూసి, మత్తు తెచ్చే అలర్జీ మాత్రను డాక్టరు చేత మార్పించారు. వేళకు నిద్ర. లక్షణాలు పెరగనంత మేరకు నడక, మెల్లగా పెంచుకుంటూ. ఆఫీసులో కొన్నాళ్లు సగం పూట, ఒకసారికి ఒకే పని, చెప్పాల్సింది ఏదైనా రాతలోనే. మా కొలీగ్ ఒకరు మెమరీ గేమ్ యాప్ వేయించారు. అందులో లెవెల్స్ చకచకా దాటాను. ఓటీపీ మాత్రం మూడంకెల దగ్గరే! అలాంటి ఆటల్లో వచ్చే మెరుగుదల చాలావరకు ఆ ఆటలకే పరిమితమవుతుందని తర్వాత తెలిసింది.

కోలుకోవడం తిన్నగా సాగలేదు. వారమంతా బాగుండి, ఒక్క రాత్రి నిద్ర చెడితే కూడికలు మళ్లీ కొండెక్కేవి. కొన్ని నెలలు పోయాక పరీక్ష మళ్లీ పెట్టారు. వెనక నుంచి ఐదంకెలు చెప్పగలిగాను, ఏడుల తీసివేత రెండు వరకూ ఆగకుండా వెళ్లింది. ఇప్పుడు పూర్తి రోజు పని చేస్తున్నాను. నలుగురూ ఒకేసారి మాట్లాడే మీటింగులో మాత్రం ఇంకా వెనకబడతాను. అందుకే ముందే చెప్పేస్తాను, మాట్లాడుకున్నది తర్వాత మెయిల్ పెట్టండి అని. ఎవరూ కాదనలేదు. పైగా ఇద్దరు ముగ్గురు తమకూ పంపమని అడుగుతున్నారు.